టీబీ తగ్గిన ఇన్నేళ్లకు నాన్న దగ్గులో రక్తం, సీటీలో ‘ఫంగల్ బాల్’ అని రాశారు, తెలిసినవాళ్లు చెప్పండి

మిర్చియార్డు_బిడ్డ · సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మా నాన్న గురించి రాస్తున్నాను, కొంచెం పొడవుగా ఉంటుంది, దయచేసి చివరిదాకా చదవండి.

నాన్నకు 61. గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు ముఠా పని చేశారు. టిక్కీలు మోయడం, తాలుకాయలు ఏరే చోట ఊడ్చడం, ఏది చెబితే అది. 2012లో టీబీ వచ్చింది. ఒక్క డోసు తప్పకుండా ఆరు నెలలు మందులు వాడారు, కఫంలో క్రిములు లేవు, తగ్గిపోయింది అన్నారు, మళ్ళీ యార్డుకే వెళ్లారు. పోయిన దసరా నుంచి దగ్గు. యార్డు ఘాటు అనుకున్నాం. సంక్రాంతికి నేను హైదరాబాదు నుంచి వెళ్లేసరికి మనిషి సగమయ్యారు, చొక్కా భుజం మీంచి జారిపోతోంది. తువ్వాలు అమ్మకు ఇవ్వకుండా తనే ఉతుక్కుంటున్నారు. ఎందుకా అని చూస్తే దాని మీద రక్తం చారలు.

డాక్టరుకు చూపిస్తే ఎక్స్‌రేలో కుడివైపు పైన పాత గుల్ల కనిపించింది, టీబీ తిరగబెట్టిందని మందులు మొదలుపెట్టారు. కఫం రెండుసార్లు సీబీనాట్‌కు, అంటే టీబీ క్రిమి డీఎన్ఏను పట్టే పరీక్షకు ఇస్తే రెండుసార్లూ నెగటివ్, అయినా వాడమన్నారు. ఇప్పటికి తొమ్మిది వారాలు. అన్నం సయించట్లేదు, దగ్గు పిసరంత కూడా తగ్గలేదు. పోయిన వారం సీటీ తీస్తే రిపోర్టు చివర ‘గుల్లలో ఫంగల్ బాల్ ఉన్నట్టుంది’ అని ఒక్క లైను రాశారు. ఇవాళ సాయంత్రం దగ్గీ దగ్గీ పావు గ్లాసు దాకా రక్తం పడింది. ఇప్పుడు ఆగింది, పడుకున్నారు. ఊపిరితిత్తుల్లో బూజు ఏంటండీ? అమ్మకు, పిల్లలకు అంటుకుంటుందా? టీబీ మందులు ఆపాలా వద్దా? చాలా టెన్షన్‌గా ఉంది.

శ్వాస_డాక్టర్ · సోమవారం, రాత్రి 11:05

అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. పావు గ్లాసు రక్తం పడిందంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఈ రాత్రే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. రక్తం కారే నాళాన్ని లోపలినుంచే మూసేసే ఎంబోలైజేషన్ చేయగలిగిన చోటైతే మంచిది. దారిలో నాన్నగారిని గుల్ల ఉన్న వైపుకే, అంటే కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టండి, బాగున్న ఊపిరితిత్తిలోకి రక్తం పోకుండా ఉంటుంది. గుండెకనో ఇంకోదానికనో రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ తప్పకుండా పట్టుకెళ్లండి. టీబీ మందులు మీ అంతట మీరు ఆపకండి, అక్కడి డాక్టరు చూసి చెప్పాలి.

అంటుకుంటుందా అని అడిగారు కదా, అంటుకోదు. ఇది మనిషి నుంచి మనిషికి రాదు. చేరాక ఒక్క ముక్క రాయండి.

మిర్చియార్డు_బిడ్డ · మంగళవారం, ఉదయం 6:20

చేర్చాం డాక్టరు గారూ. రాత్రి రెండింటికి ఇంకోసారి పడింది కానీ కొంచెమే. రక్తం ఆగడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇస్తున్నారు, ఆక్సిజన్ 94 ఉంది. మీరు చెప్పినట్టే కారులో కుడిపక్కకు పడుకోబెట్టాం. చాలా థ్యాంక్స్ అండీ.

పాలమూరు_అన్న · మంగళవారం, ఉదయం 8:10

చెల్లీ, ధైర్యంగా ఉండు. మా మేనమామది అచ్చం ఇదే కథ. బొంబాయికి పనికి వలస పోయి టీబీ తెచ్చుకున్నడు, తగ్గింది. తర్వాత ఎనిమిదేళ్లల్ల మూడుసార్లు టీబీ మందులు వాడించిన్రు. ఒక్కసారి కూడా కఫంలో క్రిమి దొరకలేదు, ఎక్స్‌రే చూసుడు మందు రాసుడు, అంతే. మూడోసారికి చూపు మసకబారింది, ఆ టీబీ మందుల్ల ఒకటైన ఇథాంబ్యుటాల్ వల్ల అన్నరు. ఆఖరికి ఒక కుర్ర డాక్టరు ‘ఈయనకు ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ పరీక్ష ఎవరన్నా చేసిన్రా’ అని అడిగిండు. ఆస్పర్‌జిల్లస్ అంటే ఈ బూజే, దాని మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను రక్తంల చూస్తరు. ఆ పేరు మేము వినుడే అదే మొదటిసారి. అప్పటికి ఎడమ ఊపిరితిత్తి సగం పోయింది. నీకు ఇప్పుడే తెలిసింది కాబట్టి ఆ పరీక్ష గట్టిగా అడిగి చేయించు.

శ్వాస_డాక్టర్ · మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఓపీ అయింది, ఇప్పుడు వివరంగా రాస్తాను.

ఆస్పర్‌జిల్లస్ అనే బూజు మన చుట్టూ ఎప్పుడూ ఉంటుంది. పెంటకుప్ప, కుళ్లిన ఆకు, తడిసిన ధాన్యం, చెమ్మ పట్టిన గోడ, ఎక్కడైనా. దాని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి కణాలు, 2, 3 మైక్రాన్లే కాబట్టి ముక్కు, గొంతు దాటి చివరి గాలితిత్తుల దాకా పోతాయి. మీరూ నేనూ రోజుకు వందల్లో పీలుస్తున్నాం, లోపలి తెల్లరక్తకణాలు వాటిని మింగేస్తాయి, మనకు తెలియను కూడా తెలియదు. టీబీ తగ్గినా గుల్ల మిగిలితే మాత్రం అక్కడ కథ వేరు. లోపలికి గాలి పోతుంది, కానీ రక్తం సరిగా అందదు, చెత్తను పైకి ఊడ్చే నూగు ఆ గోడలకు ఉండదు. అక్కడ పడ్డ స్పోరును అడిగేవాళ్లుండరు. పోగులు పోగులుగా పెరిగి, చనిపోయిన కణాలు, రక్తం, జిగురు కలిసి ఉండ కడుతుంది, దాన్నే ఫంగల్ బాల్ అంటారు. సీటీలో ఉండకూ గోడకూ మధ్య గాలి నెలవంకలా కనిపిస్తుంది. బోర్లా పడుకోబెట్టి మళ్ళీ తీస్తే ఉండ కొన్నిసార్లు కిందికి దొర్లి కనిపిస్తుంది. గుల్ల గోడ ఒరుసుకుపోయి అక్కడ కొత్తగా పుట్టిన పలచటి నాళాలు పగిలితే రక్తం.

ఇది అరుదైన సంగతేమీ కాదు. 1960ల చివర బ్రిటన్‌లో, టీబీ తగ్గి రెండున్నర సెంటీమీటర్లకు మించిన గుల్ల మిగిలిన 544 మందిని చూశారు. మొదటిసారి పదోవంతు మందిలో ఈ ఉండ కనిపిస్తే, మూడేళ్లు పోయాక చూసేసరికి ఆరోవంతు దగ్గరకొచ్చింది. టీబీ ఇంతగా ఉన్న మన దేశంలో ఈ జబ్బును ఎంతమందిలో టీబీ అనుకుని వదిలేస్తున్నామో తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది. దగ్గు, రక్తం, బరువు తగ్గడం, సాయంత్రం నలత, అన్నీ టీబీ లాగే ఉంటాయి. తేడా ఎక్కడంటే కఫంలో టీబీ క్రిమి దొరకదు, మందులకు తగ్గదు. ఇంకో మెలిక కూడా ఉంది. పాత టీబీ ఉన్నవాళ్లలో సీబీనాట్ కొన్నిసార్లు చచ్చిన క్రిముల డీఎన్ఏను కూడా పట్టి పాజిటివ్ చూపిస్తుంది. మీ నాన్నగారికి అది కూడా రాలేదు, రెండుసార్లూ నెగటివే.

కాబట్టి అడగాల్సింది రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ. కఫం కల్చర్, అంటే కఫంలోని బూజును ల్యాబులో పెంచి చూసే పరీక్ష కూడా పంపాలి, కానీ అది రాకపోయినంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు, చాలామందిలో రాదు. మూడు నెలలకు మించిన లక్షణాలు, సీటీలో గుల్ల, ఐజీజీ ఎక్కువ, ఈ మూడూ కలిస్తే క్రానిక్ పల్మనరీ ఆస్పర్‌జిల్లోసిస్ అంటాం.

గోదారి_అమ్మమ్మ · మంగళవారం, సాయంత్రం 5:00

తల్లీ, మా రోజుల్లో ఇంట్లో బూజు పడితే రోజూ సాంబ్రాణి పొగ వేసేవాళ్లం, పసుపు, వేపాకు కలిపి ఆవిరి పట్టించేవాళ్లం. నాన్నకు కూడా అలా చేసి చూడు, మంచిదేగా.

శ్వాస_డాక్టర్ · మంగళవారం, సాయంత్రం 5:25

అమ్మమ్మగారూ, మీరు ప్రేమతో చెప్పారు, కానీ ఈ మనిషికి ఏ పొగా వద్దండీ. రక్తం పడుతున్న ఊపిరితిత్తికి పొగ తగిలితే దగ్గు ఎక్కువవుతుంది, దగ్గు ఎక్కువైతే మళ్ళీ రక్తం. గుల్లలో ఉన్న ఉండ దగ్గరికి ఆవిరి వెళ్లినా దాన్ని ఏమీ చేయలేదు.

గోదారి_అమ్మమ్మ · మంగళవారం, సాయంత్రం 5:40

అలాగే నాయనా, తెలియక చెప్పాను. పిల్లా, పొగ వేయకు.

మిర్చియార్డు_బిడ్డ · మంగళవారం, రాత్రి 9:15

ఎంబోలైజేషన్ రేపు చేస్తామన్నారు. ఐజీజీకి రక్తం తీశారు, బయటి ల్యాబుకు పంపుతారట, నాలుగు రోజులు పడుతుందట. ఒక సంగతి నన్ను తినేస్తోంది. యార్డులో తాలుకాయ కుప్పల దగ్గర నిలబడితే బూజు దుమ్ము పొగలా లేస్తుంది. చిన్నప్పుడు నాన్నకు క్యారేజీ తీసుకెళ్లినప్పుడు చూశాను, నోటికి తువ్వాలు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ దుమ్ము వల్లే వచ్చిందా? బూజులో విషం ఉంటుందంటారు కదా, అది ఇన్నేళ్లూ లోపలికి పోయిందా?

ల్యాబ్_గాజుపళ్లెం · మంగళవారం, రాత్రి 11:30

అక్కా, నేను ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీలో ఫంగస్ బెంచి చూస్తాను, నాకు తెలిసింది చెప్తాను.

ఏ రోజు పీల్చిన స్పోరు గుల్లలో మొలిచిందో ఎవరూ చెప్పలేరు. యార్డులో ఎక్కువ పీల్చారు, నిజమే, కానీ గుల్ల లేకపోతే బహుశా ఏమీ అయ్యేది కాదు. క్యారేజీ పట్టుకెళ్లిన మీరు కూడా పీల్చారు కదా. దారి వేసింది టీబీ.

ఆస్పర్‌జిల్లస్‌లో ఫ్యూమిగేటస్ అనే రకం కల్చర్ ప్లేటు మీద మొదట తెల్లటి దూదిలా లేస్తుంది, రెండు మూడు రోజుల్లో పొగ కలిసిన ఆకుపచ్చకు తిరుగుతుంది. చాలా బూజులు మన ఒంటి వేడికే ఆగిపోతాయి, ఇది మాత్రం 37 డిగ్రీల్లో హాయిగా పెరుగుతుంది, 50 దాకా తట్టుకుంటుంది, ఎందుకంటే పెంటకుప్ప లోపలి వేడిలో బతకడం నేర్చింది. ఆ ఆకుపచ్చ రంగు కూడా ఊరికే లేదు. స్పోరు పైపొరలో ఉండే మెలనిన్ అనే రంగు పదార్థం అది. మన తెల్లరక్తకణం స్పోరును మింగి, లోపల యాసిడ్‌తో అరిగించాలని చూస్తే ఆ మెలనిన్ అడ్డుపడుతుంది. రంగు తయారుచేసే జన్యువును తీసేస్తే స్పోర్లు తెల్లగా పుడతాయి, వాటిని కణాలు చాలా సులువుగా చంపేస్తాయి. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు ప్లేటు మీది ఆ రంగును చూసే తీరే మారిపోయింది.

విషం అన్నారు కదా. ఇది చేసేవాటిలో ముఖ్యమైనది గ్లయోటాక్సిన్, గంధకం ఉన్న చిన్న అణువు. 1936లో దాన్ని నేలలో ఉండే వేరే బూజు నుంచి మొదట వేరుచేశారు. ఆ బూజు పక్కనున్న బూజులను చంపుతుంటే దేనితో చంపుతోందా అని వెతికితే దొరికింది. ఊపిరితిత్తిలో ఇది రెండు పనులు చేస్తుంది. మన రక్షణ కణాలను చంపుతుంది, శ్వాసనాళాల గోడల మీది నూగు కదలికను మందగింపజేస్తుంది. నూగు కదలకపోతే కఫం పైకి రాదు, బూజు కదలకుండా కూర్చుంటుంది. ఇంకోటి, మన రక్తంలోని ఇనుమును లాక్కోవడానికి సిడరోఫోర్లని ప్రత్యేకంగా తయారుచేసి వదులుతుంది, ఇనుము దొరక్కపోతే అది పెరగలేదు.

ఇవన్నీ మనల్ని చంపడానికి పుట్టినవి కావు. మట్టిలో తనను మింగడానికి వచ్చే అమీబాల నుంచి, తిండికి పోటీ వచ్చే బాక్టీరియా నుంచి కాపాడుకోవడానికి కోట్ల ఏళ్లుగా పోగేసుకున్న ఆయుధాలు. మన తెల్లరక్తకణం దానికి మరో అమీబా లాంటిదే.

కదిరి_రైతు · బుధవారం, ఉదయం 7:00

ల్యాబ్ చెల్లెమ్మా, మా వేరుశనగలో వచ్చే అఫ్లటాక్సిన్ కూడా ఈ జాతిదేనా? కొనేవాళ్లు దాని పేరు చెప్పి ధర కోస్తారు, పరీక్ష మాత్రం మా ముందు చేయరు.

ల్యాబ్_గాజుపళ్లెం · బుధవారం, ఉదయం 7:45

అవునన్నా, ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ చేస్తుంది, ఫ్యూమిగేటస్‌కు దాయాది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఇది బయటపడింది. మన దేశంలో 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం దెబ్బతిని వందమందికి పైగా చనిపోయారు. దాని మీద పరిశోధన చేసింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థే. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలు కూడా పొట్ట ఉబ్బి చచ్చిపోయాయి.

కానీ అది తిండితో వచ్చే విషం, ముఖ్యంగా కాలేయం మీద పడుతుంది. అక్క వాళ్ల నాన్నది బతికున్న బూజు ఊపిరితిత్తిలో పెరగడం. మీ వైపు ముఖ్యంగా చూసుకోవాల్సింది కాయ పగలకుండా పీకడం, గింజ గలగలమనేదాకా ఎండబెట్టడం, ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి ఏరేయడం. మామూలు వంట వేడికి ఆ విషం పోదు, బూజు గింజను వేయిస్తే సరిపోతుందని అనుకోవద్దు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు దీన్ని తక్కువ ఖర్చులో పట్టే పరీక్ష మీద చాలా ఏళ్లు పనిచేశారు.

కదిరి_రైతు · బుధవారం, ఉదయం 8:20

మంచిది తల్లీ. మొన్న కోతలప్పుడు వాన పడి కాయ తడిసింది, ఏరించకుండా అమ్మడానికి మనసొప్పలేదు, నాలుగు బస్తాలు పారబోశాను.

మందుల_కెమిస్ట్ · బుధవారం, మధ్యాహ్నం 1:10

చర్చ బాగుంది కాబట్టి ఒక మాట కలుపుతాను. నేను ఫర్మెంటేషన్ ప్లాంటులో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను, బూజు పెంచడమే మా పని. బూజు వదిలే పదార్థాల్లో విషాలే ఉంటాయనుకోకండి. పెన్సిలిన్ అందరికీ తెలుసు, 1928. కొలెస్టరాల్‌కు వాడే లోవాస్టాటిన్ ఆస్పర్‌జిల్లస్ టెర్రియస్ నుంచి వచ్చింది, అదే టెర్రియస్ కొందరు రోగుల్లో యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందుకు లొంగని ఇన్ఫెక్షన్ తెస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలో దొరికిన బూజుది. ఫంగస్‌ను చంపే కాస్పోఫంగిన్ కూడా మరో ఫంగస్ నుంచే. ఇదే ఫ్యూమిగేటస్ నుంచి 1949లో తీసిన ఫ్యూమజిలిన్‌ను తేనెటీగల పేగు జబ్బుకు పెంపకందారులు ఏళ్ల తరబడి వాడారు.

కూల్‌డ్రింకుల్లో, నిమ్మ బిళ్ళల్లో పడే సిట్రిక్ యాసిడ్ ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్లబూజుతో చేస్తారు, నూరేళ్ల పైమాటే. ఆ నైగరే ఊపిరితిత్తిలో పడితే ఆక్సాలిక్ యాసిడ్ వదిలి, అది కాల్షియంతో కలిసి చుట్టూ సూదుల్లాంటి స్ఫటికాలు కడుతుంది. మూత్రపిండాల్లో రాళ్లు కట్టే పదార్థమే అది. మేము ట్యాంకులో చక్కెర, ఇనుము, మాంగనీసు లెక్కగా మారిస్తే అది ఏం వదలాలో మారిపోతుంది. ఏ పదార్థం వదలాలో బూజు ఉన్న చోటు చెబుతుంది, ఇన్నేళ్లలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి అదే.

వరంగల్_ఆస్తమా · బుధవారం, రాత్రి 8:00

ఇదే బూజు నాకు ఇంకో రూపంలో వచ్చింది, రాస్తే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. నాకు గుల్ల లేదు, టీబీ రాలేదు. చిన్నప్పటి నుంచి ఆస్తమా. 2019లో పిల్లికూతలు ఏ ఇన్‌హేలర్‌కూ తగ్గలేదు, దగ్గితే గోధుమరంగు గట్టి ముక్కలు, చింతపండు గుజ్జు ఎండినట్టు పడేవి. నాకూ మొదట టీబీ అన్నారు. తర్వాత ఇంకో డాక్టరు అలర్జీ యాంటీబాడీ అయిన టోటల్ ఐజీఈ చేయిస్తే 6,200, చాలా ఎక్కువ. ఏబీపీఏ అన్నారు, అంటే బూజు లోపల కొంచెమే ఉంటుంది, దాని మీద ఒళ్లు చేసే అలర్జీయే జబ్బు. స్టెరాయిడ్ నాలుగు నెలలు, తర్వాత తిరగబెడితే ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు.

ఆ ఇట్రాకొనజోల్ దగ్గర ఒక తప్పు జరిగింది. నేను బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నానని తెలిసి కూడా మార్చలేదు. ఈ మాత్ర ఆ స్టెరాయిడ్‌ను ఒంట్లో విరగనివ్వదట, అది పేరుకుపోయి మూడు నెలల్లో ముఖం గుమ్మడికాయంత అయింది, షుగర్ పెరిగింది, కూర్చుని లేవలేకపోయాను. ఇట్రాకొనజోల్ రాస్తే మీరు వాడే ప్రతి మందూ, పఫ్ కూడా, డాక్టరుకు చూపించండి.

ఇంకోటి, మా ఇంట్లో కూలర్ గడ్డి రెండేళ్లు మార్చలేదు. ఇప్పుడు కూలరే తీసేశాం.

శ్వాస_డాక్టర్ · బుధవారం, రాత్రి 9:20

కూలర్ మాట మంచిగా గుర్తుచేశారు. 2017లో వచ్చిన దేశవ్యాప్త రిజిస్ట్రీలో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులున్న 1,084 మందిని చూస్తే, దాదాపు సగం మందిది పీల్చిన దుమ్ము, బూజు వంటి వాటికి వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. వాళ్లలో మళ్ళీ సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్ ఉంది. వేసవి అయ్యాక నీళ్లు తీసేసి, గడ్డి పారేసి, ట్యాంకు ఎండబెట్టి పెట్టాలి. మార్చిలో కొత్త గడ్డి పెట్టకుండా స్విచ్ వేయకూడదు.

మాంచెస్టర్_నర్సు · బుధవారం, రాత్రి 11:50

నేను నెల్లూరు అమ్మాయిని, ఇక్కడ యూకేలో నర్సుగా చేస్తున్నాను. మాంచెస్టర్‌లో విథెన్‌షా ఆసుపత్రిలో ఈ జబ్బులకే జాతీయ ఆస్పర్‌జిల్లోసిస్ కేంద్రం ఉంది, 2009 నుంచి. మిర్చియార్డు చెల్లీ, ఇట్రాకొనజోల్ మీదే ఏళ్ల తరబడి ఉంటూ మనవల్ని బడికి దింపి వచ్చే పెద్దవాళ్లు నాకు తెలుసు. జబ్బు పేరు చూసి గుండె జారవిడుచుకోకు.

ఇక్కడ చెమ్మ ఇళ్లు చాలా పెద్ద సమస్య. రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబరులో చనిపోయాడు, ఫ్లాటు గోడల బూజు వల్లే శ్వాస జబ్బు వచ్చిందని 2022లో మరణాల మీద విచారణ చేసే అధికారి, కరోనర్, చెప్పారు. తల్లిదండ్రులు ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా బాగుచేయలేదు. ఆ బాబు పేరు మీదే ఇప్పుడు చట్టం వచ్చింది, బూజు ఉందని చెబితే ఇంటి యజమాని సంస్థ గడువులోగా బాగుచేయాలి. మా పాపదీ అప్పుడు రెండేళ్ల వయసే, ఆ వార్త చూసి రాత్రంతా నిద్రపోలేదు.

మిర్చియార్డు_బిడ్డ · ఆదివారం, ఉదయం 10:00

అందరికీ అప్‌డేట్. ఎంబోలైజేషన్ బాగా జరిగింది, గురువారం నుంచి రక్తం లేదు. ఐజీజీ 96 వచ్చింది, మన దగ్గర 27 దాటితే ఎక్కువ అని చెప్పారు. నిన్న డిశ్చార్జ్ చేశారు. చీటీలో ఇట్రాకొనజోల్ 200 రెండు పూటలా, పాంటాప్రజోల్ 40 పరగడుపున, దగ్గు సిరప్, బలం మాత్రలు. టీబీ మందులు పాత డాక్టరును అడిగి చూసుకోండి అన్నారు, కాబట్టి అవీ నడుస్తున్నాయి. ఆపరేషన్ అవసరమా అంటే ఊపిరితిత్తుల బలం చాలదు, మందులతోనే చూద్దాం అన్నారు.

మందుల_కెమిస్ట్ · ఆదివారం, ఉదయం 10:25

చెల్లీ, ఆ చీటీ అలాగే వాడితే ఇట్రాకొనజోల్ వేసుకున్నా వేసుకోనట్టే అవుతుందని నా భయం. రెండు కారణాలు. ఆ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో యాసిడ్ కావాలి, అందుకే అన్నం తిన్న వెంటనే వేసుకోమంటారు. పాంటాప్రజోల్ పనే యాసిడ్ తగ్గించడం. రెండోది ఇంకా పెద్దది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, నాన్నగారి మూత్రం ఎర్రగా వస్తోందంటే అదే. అది కాలేయాన్ని ఎగదోసి ఇట్రాకొనజోల్‌ను వచ్చింది వచ్చినట్టు విరిచేస్తుంది, రక్తంలో దాదాపు మిగలదు. డాక్టరు గారూ, మీరు కూడా చూడండి.

శ్వాస_డాక్టర్ · ఆదివారం, ఉదయం 11:00

కెమిస్ట్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. రేపే ఛాతీ డాక్టరును కలిసి మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని అడగండి. కఫం రెండుసార్లు నెగటివ్, ఐజీజీ ఇంత ఎక్కువ ఉన్నప్పుడు టీబీ మందులు ఇంకా అవసరమా? అవసరం లేదంటే, ఆపాక కూడా రిఫాంపిసిన్ ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది, అప్పటిదాకా ఇట్రాకొనజోల్ సంగతేంటి? పాంటాప్రజోల్ తప్పదా? తర్వాత రెండు వారాలు వాడాక రక్తంలో ఇట్రాకొనజోల్ లెవెల్ పరీక్ష, కాలేయం పరీక్ష. కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే చూపించండి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఈ మందు మంచిది కాదు. ఒక కంపెనీ క్యాప్సూల్ పడుతుంటే మధ్యలో ఇంకో కంపెనీకి మారకండి, మారితే లెవెల్ మారొచ్చు.

ఎన్నాళ్లు వాడాలో కూడా ముందే తెలిసి ఉండాలి. చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రి వాళ్లు 2022లో ప్రచురించిన పరిశోధనలో ఇట్రాకొనజోల్‌ను ఆరు నెలలకు ఆపినవాళ్లలో 38 శాతం మందికి రెండేళ్లలోపు తిరగబెట్టింది, ఏడాది వాడినవాళ్లలో 10 శాతం మందికే. కాబట్టి దగ్గు తగ్గింది కదా అని నాలుగో నెలలో మానేయకండి.

కదిరి_రైతు · ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఇట్రాకొనజోల్ అని అందరూ రాస్తుంటే ఒక అనుమానం. మేము వేరుశనగ తిక్క ఆకుమచ్చకు టెబుకొనజోల్, వరి పాముపొడకు హెక్సాకొనజోల్ కొడతాం. చివర ‘కొనజోల్’ ఒకటే ఉంది. ఇవి చుట్టాలా?

ల్యాబ్_గాజుపళ్లెం · ఆదివారం, మధ్యాహ్నం 1:15

చుట్టాలేనన్నా, ఒకే కుటుంబం, ఫంగస్ కణపు పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు తయారయ్యే ఒకే చోట దెబ్బ కొడతాయి. ఇదే మమ్మల్ని భయపెడుతున్న విషయం. పొలంలో మందు కొట్టినప్పుడు మట్టిలో, పెంటలో ఉన్న ఆస్పర్‌జిల్లస్‌కు కూడా తగులుతుంది. తట్టుకున్నది బతుకుతుంది, దాని స్పోర్లే గాలిలోకి వస్తాయి, జీవితంలో ఒక్క మాత్ర వేసుకోని మనిషి ఊపిరితిత్తిలోకి మందుకు లొంగని బూజు వెళ్లిపోతుంది. నెదర్లాండ్స్‌లో మొదట గుర్తించారు, 2012 నాటికి ఢిల్లీ పరిశోధకులు మన దేశంలోనూ చూపించారు. అందుకే కల్చర్‌లో బూజు పెరిగితే ఏ మందుకు లొంగుతుందో కూడా చూడమని అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేసిన ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో ఫ్యూమిగేటస్‌ను పై వరుసలోనే పెట్టింది.

కదిరి_రైతు · ఆదివారం, మధ్యాహ్నం 1:40

ఈ మాట ఎవ్వరూ మాకు చెప్పలేదు. షాపులో ‘ఇంకో డోసు కొట్టు’ అంటారు, కొడతాం. మచ్చ కనబడకముందే ముందుజాగ్రత్తకని కొట్టేది ఈ సీజన్‌లో మానేస్తాను, మా గుంపులో వాళ్లకు కూడా చెప్తాను.

మిర్చియార్డు_బిడ్డ · మరుసటి వారం బుధవారం, రాత్రి 9:30

కాగితం పట్టుకెళ్లి మూడు ప్రశ్నలూ అడిగాను. ఛాతీ డాక్టరు పాత రిపోర్టులన్నీ మళ్ళీ చూసి టీబీ మందులు ఆపేశారు. పాంటాప్రజోల్ తీసేశారు. ఇట్రాకొనజోల్ పొద్దున ఇడ్లీ తినగానే, రాత్రి అన్నం తినగానే వేస్తున్నాం. రిఫాంపిసిన్ ప్రభావం పోయాక లెవెల్‌కు రక్తం తీస్తామన్నారు, వచ్చే నెల మొదటి గురువారం. కల్చర్‌లో ఆకుపచ్చ బూజు పెరిగిందట, మందు పరీక్షకు పంపమని అడిగాను, పంపారు.

నాన్న ఇవాళ గారె అడిగి తిన్నారు. యార్డుకు ఇక వద్దంటే మొదట ఒప్పుకోలేదు, మేస్త్రీతో మాట్లాడి తూకం దగ్గర కూర్చునే పని చూస్తానంటున్నారు. అక్కడ దుమ్ము తక్కువ కానీ ఉంటుంది. ఎన్‌95 మాస్కు సరిపోతుందా, లేక అది కూడా మాన్పించాలా డాక్టరు గారూ?

శ్వాస_డాక్టర్ · బుధవారం, రాత్రి 10:10

సీజన్ అయ్యేదాకా, కనీసం మూడు నెలలు, తూకం దగ్గరికి కూడా పంపకండి. తర్వాత బరువు, సీటీ చూసి చెప్తాను. వెళ్తే ఎన్‌95 ముక్కు దగ్గర వదులు లేకుండా పెట్టుకోవాలి, తువ్వాలు వద్దు. పెంటకుప్ప కదిలించడం, ఇంట్లో బూజు దులపడం లాంటివి కూడా ఆయనతో చేయించకండి. లెవెల్ రిపోర్టు రాగానే ఇక్కడ రాయండి.

పాలమూరు_అన్న · బుధవారం, రాత్రి 10:45

చెల్లీ, ఆ మూడు ప్రశ్నల కాగితం ఫొటో ఇక్కడ పెట్టు. మా ఊళ్లో టీబీ తగ్గి మళ్ళీ దగ్గుతున్నోళ్లు ఇద్దరున్నరు, రేపు పొద్దున వాళ్ల దగ్గరికే పోతున్న.